అప్‌డేట్ నొక్కేముందు ఒక్క నిమిషం: పాటలు కట్టేవాళ్ళకి నిజంగా పనికొచ్చిన మూడు ఫీచర్లు

మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చిందంటే చాలామంది ముందు వెతికేది కొత్త సౌండ్స్ కోసమే. నేనైతే ఇంకోటి చూస్తాను. ట్యూన్ బుర్రలోకి వచ్చాక అది రికార్డ్ అయ్యేలోపు మనకి అడ్డొచ్చే పనుల్లో ఏది తగ్గింది?

మొదటిది క్యాప్చర్. కీబోర్డ్ మీద ఊరికే వేళ్ళు ఆడిస్తుంటే మంచి ట్యూన్ పడుతుంది. రికార్డ్ నొక్కి ఉండం. మళ్ళీ వాయిద్దామంటే ఆ నడక రాదు. 2018లో ఏబుల్టన్ లైవ్ 10 దీనికి మందు తెచ్చింది. ఆర్మ్ చేసిన ట్రాక్‌లో మీరు వాయించిన మిడి నోట్లు అది గుర్తుపెట్టుకుంటుంది. క్యాప్చర్ నొక్కితే క్లిప్ రెడీ. ఖాళీ ప్రాజెక్ట్ అయితే టెంపో కూడా అదే పట్టుకుంటుంది. కానీ ఇది మిడికి మాత్రమే. మైక్‌లో పాడేటప్పుడు రికార్డ్ నొక్కాల్సిందే.

రెండోది కాంపింగ్. లాజిక్, ప్రో టూల్స్‌లో ముందే ఉంది, లైవ్‌లోకి 2021లో 11వ వెర్షన్‌తో వచ్చింది. పల్లవి ఐదుసార్లు పాడారనుకోండి. టేకులన్నీ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. బాగున్న ముక్కలు ఏరుకుంటే ఒకే టేక్ అవుతుంది. టైమ్ మిగలడం ఒకెత్తు, తప్పు పోతుందేమో అన్న భయం లేకుండా పాడటం ఇంకో ఎత్తు. ఆ తేడా గొంతులో తెలిసిపోతుంది.

మూడోది స్టెమ్ స్ప్లిటర్, 2024లో లాజిక్ ప్రో 11లో వచ్చింది. ఆపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్ కావాలి. కలిసిపోయిన ఆడియోని గొంతు, డ్రమ్స్, బేస్ లాంటి భాగాలుగా విడదీస్తుంది. ఎప్పుడో ఫోన్‌లో పాడుకున్న డెమోలోంచి గొంతు తీసి, దాని చుట్టూ కొత్త పాట కట్టుకోవచ్చు. వేరేవాళ్ళ పాట విడదీసినంత మాత్రాన అది మనదైపోదు, అది గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. పాట సగంలో ఉండగా అప్‌డేట్ చేయొద్దు. లైవ్ 12లో సేవ్ చేసిన ఫైల్ లైవ్ 11లో తెరుచుకోదు. 2019లో మ్యాక్‌ఓఎస్ కాటలీనా వచ్చినప్పుడు 32 బిట్ ప్లగిన్లు పనిచేయడం మానేశాయి. వాటి మీద కట్టిన పాటల్లో ఆ సౌండ్స్ ఇక వినపడలేదు. అందుకే ముందు ప్రాజెక్ట్‌కి కాపీ తీసుకోండి, ప్రతి ట్రాక్‌నీ ఆడియోగా ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఆ తర్వాతే అప్‌డేట్. ఫోన్‌లో గ్యారేజ్‌బ్యాండ్ వాడేవాళ్ళు కూడా పాటని ముందు బయట ఇంకోచోట సేవ్ చేసుకోండి.

మీ పని నిజంగా తగ్గించిన అప్‌డేట్ ఏదో కామెంట్‌లో రాయండి.