ఇంటి వ్యాపారానికి ఏ కంప్యూటరు?

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఇప్పుడే పంచాంగ శ్రవణంలో ఏ రాశివారికి ఆదాయమెంతో, వ్యయమెంతో విన్నాము. నేను చెప్పబోయేదీ ఆదాయ వ్యయముల సంగతే. నేను పండితుడను కాను. మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవాణ్ణి. రోజంతా కంప్యూటరు ముందే కూర్చుంటాను గనుక "అన్నా, ఇంటి వ్యాపారానికి ఏది కొనమంటావు?" అని మనవాళ్లు అడుగుతూ ఉంటారు.

మన షోలాపూరు పూర్వభాగంలో ఇంటి ముందుగదిలోనే వ్యాపారం నడిచే ఇళ్లు ఎన్నో ఉన్నవి. ఒకరు టవళ్లకు అంచులు కుట్టి అమ్ముతారు. ఒకరు పచ్చళ్లు, పొడులు కట్టి పంపుతారు. వీరికి నా మొదటి మనవి: దుకాణానికి పోకముందు ఒక నెల నోటుబుక్కు పెట్టండి. రోజుకు బిల్లులెన్ని, సరుకెంత, బాకీ ఎవరెవరు, అన్నీ వ్రాయండి. రోజుకు అయిదారు బిల్లులే అయితే ఆ పుస్తకమూ, చేతిలోని ఫోనూ చాలును. అవసరం లేని యంత్రాన్ని వాయిదాల మీద తెచ్చి వడ్డీ కట్టడం వ్యాపారం కాదు.

రెండవది జి.యస్.టి. మహారాష్ట్రలో సరుకు మాత్రమే అమ్ముకొనేవారికి ఏడాది అమ్మకం 40 లక్షల రూపాయలు దాటనంతవరకు సాధారణంగా రిజిస్ట్రేషను అక్కరలేదు. అయితే రాష్ట్రం దాటి సరుకు అమ్మేవారికి మామూలుగా ఈ సడలింపు లేదు. మనకు చుట్టాలూ, ఖాతాదారులూ తెలంగాణలో ఉన్నారు గదా! హైదరాబాదుకు టవళ్లు పంపేవారు ముందుగా లెక్కలు చూసేవారిని అడగవలెను. వారు ఏ ప్రోగ్రాము వాడతారో కూడా అప్పుడే తెలుసుకోండి. ట్యాలీ కావాలంటే విండోస్ ఉన్న యంత్రం కావలెను. ఉత్త జమాఖర్చుల పట్టికే చాలునంటే లిబ్రే ఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది. ముందు పని, తరువాత ప్రోగ్రాము, ఆ తరువాతే యంత్రం. మనవాళ్లు తరచు దీన్ని తలక్రిందులు చేస్తారు.

ఇక యంత్రం. బిల్లులకూ, లెక్కలకూ 8 జీబీ ర్యామ్, 256 జీబీ యస్.యస్.డి. ఉంటే సరిపోతుంది. ఒకచోటనే ఉంచి పని చేసేవారికి డెస్క్‌టాప్ మేలు; ఏ భాగం చెడితే ఆ భాగమే మార్చుకోవచ్చును, కాని దానికి యు.పి.యస్. తప్పదు. కరెంటు పోయే ఇంట్లో ల్యాప్‌టాప్ నయం. బ్యాటరీ దానిలోనే ఉంటుంది. పాతది చౌకగా దొరికిందని తొందరపడవద్దు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. చాలా పాత యంత్రాలు విండోస్ 11కు తగవు. డబ్బు చెల్లించకముందే ఈ ప్రశ్న వేయండి. ప్రింటరు కొనేటప్పుడు దాని ధర ఒక్కటే కాదు, సిరా ఖర్చు పుటకెంతో అడగండి. తెలుగు, మరాఠీ చీటీలు వేసేవారు యూనికోడులో టైపు చేయవలెను. పాత ఫాంటులతో చేసినది మరొకరి యంత్రంలో అర్థంకాని గీతలుగా కనబడవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది చివర చెబుతాను. నాకు తెలిసిన ఒక ఇంట తల్లి టవళ్లు కుట్టేది, కుమారుడు కంప్యూటరులో లెక్క వ్రాసేవాడు. అతడు ఉద్యోగానికి పూనా వెళ్లాడు. కొన్నాళ్లకు యంత్రం చెడింది, నకలు లేదు. ఎవరి వద్ద ఎంత రావాలో ఆ తల్లి చెప్పలేకపోయింది. బాకీదారులు తలా ఒక అంకె చెప్పారు. ఆమె వారి మాటే నమ్మవలసి వచ్చింది.

కనుక అమ్మలారా, వారానికొకసారి లెక్కను వేరే డిస్కులోనికి ఎక్కించి, దాన్ని యంత్రం నుంచి తీసి బీరువాలో పెట్టండి. మరొక నకలు ఇంటి బయట ఉండనివ్వండి. పాస్‌వర్డు పిల్లల దగ్గరనే వదలక మీరూ తెలుసుకోండి. కష్టం చేసే చేతికే లెక్క కూడా తెలియవలెను. అది తెలియనివారు తమ ఇంటి వ్యాపారంలో తామే కూలివారవుతారు.

ఏప్రిల్ ఒకటిన కొత్త లెక్కల సంవత్సరం రాబోతున్నది. మీ ఇళ్లలో ఈ యేడు వ్యయంకంటె ఆదాయం హెచ్చుగా ఉండాలని కోరుతూ సెలవు తీసుకుంటాను.