బడి మెట్ల మీద నేర్చుకున్న పాఠం

మనల్ని పుట్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే సకల స్తోత్రాలు శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



సేవ అనగానే మనం ఇచ్చేవారమనీ, ఎదుటివారు పుచ్చుకునేవారనీ భావిస్తాము. ఈ భ్రమను మాకు ఒక బడి పిల్లవాడు తొలగించాడు.

కొన్నేళ్ల క్రితం రమజాన్ ముగిసిన వారంలో, మా మొహల్లాలోని ప్రభుత్వ పాఠశాల పిల్లలకు సాయంత్రం వేళ లెక్కలు, చదవడం నేర్పాలని సంకల్పించాము. మొదటి వారం పదిమందిమి వెళ్లాము. మూడవ వారానికి ఇద్దరమే మిగిలాము. ఒకరికి పెండ్లి పనులు, మరొకరికి దుకాణం. నెల తిరిగేసరికి ఎవ్వరమూ వెళ్లలేదు. ఒకనాడు అస్ర్ నమాజు చేసుకుని వస్తుండగా, బడి మెట్ల మీద నోటుపుస్తకం పట్టుకుని ఒక బాలుడు కనిపించాడు. ఇంకా ఇంటికి వెళ్లలేదేమని అడిగాము. “మీరు వస్తారేమోనని రోజూ చూస్తున్నాను సార్” అన్నాడు. ఆ మాటలో నింద లేదు. అందుకే మేము మరింత సిగ్గుపడ్డాము.

కొద్దిపాటిదైనా సరే, నిరంతరం చేసే ఆచరణే అల్లాహ్‌కు మిక్కిలి ప్రీతికరమని దైవప్రవక్త (స) బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఈ హదీసును మేము ఎన్నోసార్లు విన్నాము. దాని భావం మాకు అర్థమైనది మాత్రం ఆ మెట్ల దగ్గరే. పిల్లలకు మాట ఇవ్వడం కూడా ఒక అమానతు. పెద్దల మాటను నమ్మవచ్చా లేదా అన్నది వారు మన రాకపోకలను చూసే నేర్చుకుంటారు.

మరునాటి నుండి మళ్లీ వెళ్లసాగాము. రెండవ పాఠం అక్కడే దొరికింది. ఒక బాలిక ఇచ్చిన పని ఎన్నడూ చేసుకురాదు, కూర్చున్నచోటే కునుకుతుంది. సోమరితనమని మందలించాము. రాత్రి పొద్దుపోయేదాకా ఆమె తల్లితో పాటు బీడీలు చుడుతుందని తరువాత ప్రధానోపాధ్యాయురాలు చెప్పారు. తీర్పు చెప్పడానికి ముందు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. సూరె అబస అవతరించిన సందర్భం మనకు తెలిసినదే. నేర్చుకోవాలనే ఆరాటంతో వచ్చిన అంధుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయంలో అల్లాహ్ వాక్యాలను అవతరింపజేశాడు. మన ఎదుట కూర్చున్న విద్యార్థి మనసులో ఏముందో, అల్లాహ్ వద్ద అతని స్థానమేమిటో మనకు తెలియదు.

మూడవది, గుర్తింపు కోరని సేవ. మస్జిదె నబవీని ఊడ్చే ఒక స్త్రీ మరణించినప్పుడు, సహాబాలు ఆ సంగతిని చిన్నదిగా భావించి దైవప్రవక్త (స)కు తెలుపలేదు. ఆమె కనిపించడం లేదేమని ఆయనే అడిగారు. విషయం తెలిసి, ఆమె సమాధి వద్దకు వెళ్లి జనాజా నమాజు చేశారు. శాలువాలు, ఫొటోలు లేని సేవకు లభించిన గౌరవమిది.

సోదరులారా! బీద పిల్లల చదువు మధ్యలో ఆగిపోతే దాని నష్టం సమాజమంతటిదీ. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం మూడు వంతులమంది, అంటే నలుగురిలో ముగ్గురు, తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. సభ్యులలో సగంమంది స్త్రీలు కావాలి. మన పిల్లలు చదివే బడి సమావేశాలకు మనం వెళ్తున్నామా? చదవనురాని తల్లికి స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపి ఇవ్వడానికి అరగంట చాలు. వారానికి ఒక్క గంటే ఇవ్వగలిగితే ఆ ఒక్క గంటకే మాట ఇద్దాము, కాని దానిని తప్పకుండా నిలుపుకుందాము.

ఓ అల్లాహ్! మా సేవలో చిత్తశుద్ధిని, నిలకడను ప్రసాదించు. మా కోసం ఎదురుచూసే ఏ పసివాడినీ మా వల్ల నిరాశకు గురికానీయకు. ఆమీన్.