పెళ్లింట్లో దొంగ

మూత్రసంచి కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని ఉండే గ్రంథి ప్రోస్టేట్. అదొకటి ఉందని చాలామంది మగవాళ్లకు తెలిసేది అరవై దాటి, రాత్రికి నాలుగుసార్లు లేవాల్సి వచ్చినప్పుడే. అలా లేచినవాళ్లందరికీ క్యాన్సర్ ఉన్నట్టు కాదు, కంగారు పడకండి.

1966 వైద్య నోబెల్ ఇద్దరు పంచుకున్నారు. కోళ్ల కణితికి వైరస్ కారణమని 1911లోనే చూపిన పేటన్ రౌస్ ఒకరు, ప్రోస్టేట్ క్యాన్సర్ మగ హార్మోన్ తిని పెరుగుతుందని చూపిన చార్లెస్ హగ్గిన్స్ మరొకరు. ఆ రెండు దారులూ ఎక్కడైనా కలుస్తాయా? అంటే, ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ వైరస్ కారణమా?

2006లో కలిసినట్టే అనిపించింది. అమెరికా పరిశోధకులు ప్రోస్టేట్ కణితుల్లో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే కొత్త వైరస్ చూశామన్నారు. వైరస్‌లను అడ్డుకునే ఒక జన్యువు రెండు ప్రతుల్లోనూ మారిపోయిన 20 మందిలో 8 మందికి అది ఉంది. తక్కిన 66 మందిలో ఒక్కరికే. కాపలా లేని ఇంట్లోనే దొంగ దూరాడు! నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మాను.

2011లో గుట్టు బయటపడింది. 1990లలో ఒక రోగి కణితిని ఎలుకల్లో పెంచుతూ, ఒకదాన్నుంచి మరోదానికి మారుస్తూ పోయారు. ఎలుకల జన్యువుల్లోనే నిద్రపోతున్న రెండు వైరస్‌లు అక్కడ అతుక్కుని ఈ ఎక్స్‌ఎంఆర్‌వీ పుట్టింది. ఆ కణితి కణాలతో పాటే ప్రయోగశాలలు తిరిగింది. మొదటి బృందంలోని వాళ్లే పాత నమూనాలు మళ్లీ తవ్వి, అవి కలుషితమయ్యాయని తేల్చారు. 2006 నాటి వ్యాసాన్ని అచ్చేసిన పత్రిక 2012లో దాన్ని వెనక్కి తీసుకుంది.

ఇప్పుడు జంట వైరస్‌ల మాట. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ, దాంతోపాటు ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రోస్టేట్ కణితుల్లో కలిసి కనబడ్డాయని సిడ్నీ పరిశోధకులు 2013లో రాశారు. హెచ్‌పీవీ కణానికున్న బ్రేకు విరగ్గొడితే రెండోది వెనక నుంచి తోస్తుందేమోనని ఊహ. ఊహే. జబ్బు లేని ప్రోస్టేట్‌లోనూ ఇవి దొరికాయి. ఎప్‌స్టీన్-బార్ అయితే పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఉండేదే. పెళ్లింట్లో నగ పోతే భోజనానికొచ్చిన వాళ్లందర్నీ కట్టేస్తామా?

ఈ సభలో ముందు వరస నుంచి ఒకమ్మ చీటీ పంపారు: ‘మా ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ ఉంది, నాకు అంటుతుందా?’ అంటదమ్మా. కంచం, మంచం వేరు చేయక్కర్లేదు. ఆయన తమ్ముళ్లను, కొడుకులను మాత్రం నలభై అయిదు దాటగానే పీఎస్‌ఏ రక్తపరీక్ష సంగతి డాక్టరును అడగమనండి.