డజను రేడియోల ఊళ్లో ఒక పాటల స్టేషన్: క్విటో కొండల మీద పుట్టిన యాంటెన్నా కథ

 

ముందుగా ఒక చిన్న ప్రశ్న. మీరొక పని మొదలుపెట్టారు. ఊరు మొత్తంలో దాన్ని వినగలిగే ఇళ్లు ఓ పన్నెండు. పన్నెండు లక్షలు కాదు, పన్నెండు వేలు కాదు. జస్ట్ పన్నెండు. అయినా మొదలుపెడతారా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టిన కొత్తలో నా మొదటి వీడియోకి వారం రోజులకి 41 వ్యూస్ వచ్చాయి. అందులో పది నావే! ఒకరోజు భోజనాల దగ్గర నాన్న అడిగారు, "ఎంతమంది చూస్తున్నార్రా?" అని. "పెరుగుతున్నారు నాన్నా" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు, పెరుగన్నం కలుపుకున్నారు. అమ్మ మాత్రం మెల్లగా, "మీ ఆఫీసువాళ్లు పిలిస్తే మళ్లీ వెళ్తావా?" అంది. తిట్టినా బాగుండేది అనిపించింది.

ఆ రోజుల్లో నిద్ర పట్టక చదువుతుంటే దొరికిన కథ ఇది. ఒక చిన్న క్రైస్తవ రేడియో స్టేషన్ కథ. మీది ఏ మతమైనా పర్లేదు, ఏ మతమూ లేకపోయినా పర్లేదు. బీటెక్‌లో యాంటెన్నాల సబ్జెక్ట్ గట్టెక్కడానికి కష్టపడ్డవాళ్లయితే మాత్రం అస్సలు మిస్ అవ్వొద్దు.

కథ దక్షిణ అమెరికాలో జరుగుతుంది. దేశం ఈక్వడార్, ఊరు క్విటో. ఆండీస్ కొండల మధ్య, సముద్రమట్టానికి సుమారు 2,850 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మన ఊటీ 2,240 మీటర్లు. అంటే ఊటీ పైన ఇంకో ఆరు వందల మీటర్ల కొండ పెట్టి, దాని మీద ఊరు కట్టినట్టు. పైగా భూమధ్యరేఖ పక్కనే.

అమెరికాలో క్లారెన్స్ జోన్స్ అని ఒకాయన ఉండేవారు. చర్చి కార్యక్రమాల్లో ట్రాంబోన్ వాయించేవారు. మన పెళ్లి బ్యాండ్‌లో పొడుగ్గా ముందుకీ వెనక్కీ జరిపి వాయించే బాకా లాంటిది చూసుంటారు కదా, అదే. లాటిన్ అమెరికాలో ఒక క్రైస్తవ రేడియో పెట్టాలని ఆయన కోరిక. 1928లో వెనిజులా, కొలంబియా, పనామా, క్యూబా అన్నీ తిరిగారు. ఎవరూ అనుమతి ఇవ్వలేదు. ఉత్త చేతులతో ఇంటికి వచ్చేశారు.

తర్వాత ఈక్వడార్‌లో పనిచేస్తున్న రూబెన్ లార్సన్ అనే మిషనరీ పరిచయమయ్యారు. ఆయనా, ఇంకొందరూ కలిసి ప్రయత్నిస్తే 1930లో ఈక్వడార్ ప్రభుత్వం 25 ఏళ్లకి అనుమతి ఇచ్చింది. ఒక్కసారి ఆ టైమ్ ఊహించుకోండి. 1929లో స్టాక్ మార్కెట్ కూలింది. జనం దగ్గర తిండికే డబ్బుల్లేవు. ఇంకా చాలా దేశాలు రేడియో అంటే ఏంటో సరిగ్గా చూడని రోజులు.

దీనికి తోడు తెలిసినవాళ్లు చెప్పిన మాట ఏంటంటే, "ఆ చోటు రేడియోకి పనికిరాదు. చుట్టూ కొండలు, పక్కనే భూమధ్యరేఖ. ఇంకెక్కడైనా చూసుకోండి" అని. కానీ అనుమతి దొరికింది ఆ ఒక్క చోటే.

1931 డిసెంబర్ 25, క్రిస్మస్ రోజు. స్టేషన్ పేరు హెచ్‌సీజేబీ. హెచ్‌సీ అంటే ఈక్వడార్‌కి కేటాయించిన రేడియో కోడ్, మన దేశానికి వీయూ ఉన్నట్టు. మొత్తం నాలుగు అక్షరాలకీ స్పానిష్‌లో ఒక అర్థం కుదుర్చుకున్నారు: నేడు క్రీస్తు యేసు దీవిస్తున్నాడు అని. ట్రాన్స్‌మిటర్ పవర్ 250 వాట్లు దాటదు. మీ ఇంట్లో మిక్సీ దీనికంటే రెండింతలు తింటుంది! ఆ రోజు జోన్స్ మైకు ముందు ట్రాంబోన్ వాయించారు. పాటలు, ప్రార్థన, ప్రసంగం జరిగాయి. ఆ ప్రసారం వినడానికి అక్కడ ఉన్న రేడియో సెట్లు డజనుకి అటూ ఇటూ అంటారు.

ఒక్క నిమిషం ఆగండి. సెట్లు డజను. స్టేషన్ నడపడానికి ఇల్లూ వాకిలీ వదిలి సముద్రాలు దాటి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. నాకున్న రిస్క్ ఏంటండీ, మూడు నెలల ఈఎంఐ. వాళ్లది మొత్తం జీవితం.

సరే, తర్వాత ఏమైంది? "పనికిరాదు" అన్న చోటు మెల్లగా పనికొచ్చింది. షార్ట్‌వేవ్ సిగ్నల్ కొండని గుద్దుకుని ఆగిపోవాల్సిన పనిలేదు. పైకి వెళ్లి, ఆకాశంలో అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి, వేల కిలోమీటర్ల దూరంలో కిందికి దిగుతుంది. దూర దేశాల నుంచి "మీ పాటలు విన్నాం" అని ఉత్తరాలు రావడం మొదలైంది. స్పానిష్, ఇంగ్లీష్‌తో పాటు అక్కడి కొండ ప్రాంతాల మూలవాసుల భాష కిచువాలో కూడా ప్రసారాలు మొదలుపెట్టారు. 1940 ఈస్టర్ నాటికి 10,000 వాట్ల ట్రాన్స్‌మిటర్ పెట్టారు.

ఇక్కడే అసలు సమస్య వచ్చింది.

మన మేడల మీద పాత టీవీ యాంటెన్నాలు గుర్తున్నాయా? చేప ముల్లులా ఉండేవి. గాలి వచ్చినప్పుడల్లా మనం పైకెక్కి తిప్పుతూ "వచ్చిందా? వచ్చిందా?" అని అరిచేవాళ్లం. దాన్ని యాగీ యాంటెన్నా అంటారు. క్విటోలో కూడా ఇలాంటి కడ్డీల యాంటెన్నానే, కాకపోతే చాలా పెద్దది. దాంట్లోకి 10,000 వాట్లు పంపేసరికి రాత్రిపూట కడ్డీల చివర్లు వెలగడం మొదలుపెట్టాయి. వెలగడం అంటే అందంగా కాదు. చివర్ల నుంచి మంటలా ఎగజిమ్మి, అల్యూమినియం కరిగి ముక్కలుగా కింద పడేది!

ఎందుకలా? సింపుల్‌గా చెప్తా. కడ్డీలో కరెంటు చివరిదాకా వెళ్లి, ఇక దారి లేక వెనక్కి తిరుగుతుంది. అందుకే చివరన వోల్టేజీ అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది. మొన అయితే ఆ ఒత్తిడంతా ఒక్క చోట చేరుతుంది. ఒక హద్దు దాటాక చుట్టూ ఉన్న గాలి తట్టుకోలేక చిట్లుతుంది. దీన్ని కరోనా డిశ్చార్జ్ అంటారు. వైరస్ కాదు బాబూ, ఇది వేరే కరోనా. వానాకాలం రాత్రి హైటెన్షన్ లైన్ కింద నడిస్తే జుయ్ మని చప్పుడు వస్తుంది కదా, అదే ఇది.

మరి ఇదే యాంటెన్నా సముద్రం పక్కన పెడితే ఈ స్థాయిలో గొడవ ఉండకపోవచ్చు. క్విటో ఎత్తులో గాలి పలచన. కింద ఉండే గాలిలో నాలుగింట మూడు వంతులే. గాలి పలచబడితే తక్కువ వోల్టేజీకే చిట్లుతుంది. అంటే "చోటు తప్పు" అన్నవాళ్ల మాట ఒక రకంగా నిజమే. కాకపోతే వాళ్లు చెప్పిన కారణం ఇది కాదు.

అక్కడి ఇంజినీరు పేరు క్లారెన్స్ మూర్. ముందు ఏం చేశారంటే, చివర్లకి రాగి గోళాలు తగిలించారు. మొన ఉంటేనే కదా గొడవ, గుండ్రంగా చేసేస్తే పోతుంది అని. కొంత తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు.

ఈ రాగి గోళం నాకు బాగా తెలుసు. నేను పనిచేసిన ఒక చోట రోజూ తెల్లవారుజామున సర్వర్ హ్యాంగ్ అయ్యేది. కారణం వెతకడానికి టైమ్ ఇవ్వలేదు, నిజం చెప్పాలంటే మేమూ గట్టిగా అడగలేదు. రాత్రి రెండింటికి దానంతటదే రీస్టార్ట్ అయ్యేలా ఒక స్క్రిప్ట్ రాసి పడేశాం. ఎనిమిది నెలలు అలాగే నడిచింది. ఒక పండగ రోజు రీస్టార్ట్ అయ్యాక మళ్లీ లేవలేదు. ఆ స్క్రిప్ట్ రాసింది నేనే. అదే నా రాగి గోళం.

మూర్ దగ్గర ఇంకో సులువైన దారి కూడా ఉంది. పవర్ తగ్గించేసుకోవడం. తగ్గిస్తే మంటలు రావు, కానీ పాట దూరం వెళ్లదు. అప్పుడు స్టేషన్ ఎందుకు మరి?

1942లో కుటుంబంతో పోసోర్హా అనే సముద్రతీర పల్లెకి సెలవులకి వెళ్లారు. వెళ్తూ యాంటెన్నాల పుస్తకాలు కూడా పట్టుకెళ్లారు. మన సాఫ్ట్‌వేర్‌వాళ్లు గోవాకి ల్యాప్‌టాప్ తీసుకెళ్లినట్టు! ఆయన భక్తిపరుడు, దారి చూపమని ప్రార్థన చేసుకుంటూ లెక్కలు వేసేవారు. అక్కడ ఆయన ప్రశ్న మారింది. చివరని ఎలా కాపాడాలి అనే ప్రశ్న పోయి, అసలు చివర ఎందుకు ఉండాలి అనే ప్రశ్న వచ్చింది.

ఒక రబ్బరు బ్యాండ్ తీసుకోండి. రెండు వేళ్లతో సాగదీస్తే పొడుగ్గా, రెండు గీతల్లా ఉంటుంది. ఫోల్డెడ్ డైపోల్ అనే యాంటెన్నా ఇలాగే ఉంటుంది. ఇప్పుడు మధ్యలో ఇంకో రెండు వేళ్లు పెట్టి పైకీ కిందికీ లాగండి. చతురస్రం వచ్చింది. దానికి మొన ఉందా? లేదు. తీగ ఎక్కడా ఆగదు, చుట్టూ తిరిగి మొదటికే వస్తుంది. దాని వెనక ఇలాంటిదే ఇంకోటి పెడితే సిగ్నల్ ఒకవైపుకి వెళ్తుంది. మంటలు రావడానికి చివరే లేదు!

దీన్నే క్యూబికల్ క్వాడ్ యాంటెన్నా అంటారు. 1951లో మూర్‌కి అమెరికాలో పేటెంట్ వచ్చింది. ప్రపంచమంతా హామ్ రేడియోవాళ్లు దీన్ని కట్టుకున్నారు, ఇప్పటికీ కడుతున్నారు. వెదురు బద్దలు, రాగి తీగ ఉంటే ఇంటి దగ్గర కూడా చేసుకోవచ్చు. వాళ్లలో చాలామంది ఆ స్టేషన్ పాట ఒక్కటి కూడా విని ఉండరు.

ఇంకోటి చెప్పనా? మూర్ అమెరికా వెళ్లి 1947లో ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్‌లో ఒక చిన్న కంపెనీ పెట్టారు. అదే తర్వాత క్రౌన్ అయింది. అవునండీ, మన జాతరల్లో, బరాత్‌లలో డీజే ర్యాక్ మీద క్రౌన్ అని రాసి ఉండే యాంప్లిఫయర్ చూశారా? ఆ కంపెనీయే. ఈసారి గుండె అదిరేలా పాట మోగుతుంటే క్విటోని ఒకసారి తలుచుకోండి.

మరి స్టేషన్ ఏమైంది? క్విటో దగ్గర పీఫో అనే చోట పెద్ద పెద్ద టవర్లతో దశాబ్దాలు నడిచింది. కొత్త విమానాశ్రయం దగ్గర్లో కట్టాల్సి రావడంతో 2009లో అక్కడి షార్ట్‌వేవ్ ఆపేసి, టవర్లు దించేశారు. ఎఫ్‌ఎమ్ మాత్రం క్విటోలో వినిపిస్తూనే ఉంది.

సో, నాకు ఈ కథలో అర్థమైంది ఇదీ. అనుకూలమైన చోట మొదలుపెట్టి ఉంటే వాళ్లకి ఆ సమస్య వచ్చేది కాదు. సమస్య రాకపోతే ఆ చతురస్రం పుట్టేది కాదు. 1931 క్రిస్మస్ రోజు ఎవరైనా సెట్లు లెక్కపెట్టి "డజనేనా" అంటే లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్కలో ఇవేవీ కనబడవు కదా.

అలాగని "వ్యూస్ పట్టించుకోకండి, ఉద్యోగాలు మానేయండి" అని నేను చెప్పట్లేదు. నేను ఈఎంఐ కడుతూనే ఉన్నాను, ఫ్రీలాన్స్ పని చేస్తూనే ఉన్నాను. మీరు ఇరుక్కున్న చోట మీరు పెడుతున్నది రాగి గోళమా, లేక ఆకారమే మార్చాలా, ఒక్కసారి ఆలోచించండి. అంతే.

అన్నట్టు, నాన్న ఇప్పుడు ఎంతమంది చూస్తున్నారని అడగట్లేదు. "ఈ వారం దేని గురించిరా?" అంటున్నారు. అమ్మ మాత్రం ఆఫీసు సంగతి ఇంకా అడుగుతూనే ఉంది.

మీ జీవితంలో రాగి గోళం ఏంటో కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ, బై.