మన ఇంటి భాషల బలంతో ఇంగ్లీషు పదసంపద

(నల్లమాడలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకొని, పై చదువుకు విదేశం వెళ్లగల యోగ్యత ఉన్న మన పిల్లలు ఒక చిన్న అంకె దగ్గర ఆగిపోతున్నారు. ఆ అంకె ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షలో వచ్చే స్కోరు. తెలంగాణ ప్రభుత్వం 2015లో ప్రారంభించిన ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా సహాయం అందిస్తుంది. అయితే దానికి ఐఈఎల్‌టీఎస్‌లో 6, లేదా టోఫెల్‌లో 60 వంటి స్కోరు చూపాలి. పరీక్ష రుసుము కట్టిన ప్రతిసారీ ఒక ఇంట్లో తల్లి మెడలోని గొలుసు తాకట్టుకు పోతున్నది. వేరుసెనగ పండితే విడిపించుకోవచ్చుననే ఆశ ఈ అనంతపురం పీఠభూమిలో ఎంత నమ్మదగినదో మనకు వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి ఈ పరీక్షకు పదసంపద ఎలా పెంచుకోవాలో మాట్లాడుకోవడం మన కుటుంబాల బతుకుకు సంబంధించిన విషయమే.

మొదట పరీక్ష స్వరూపం తెలుసుకుందాం. ఐఈఎల్‌టీఎస్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాలు ఉంటాయి. స్కోరు 0 నుండి 9 వరకు. రాయడంలో ఒక అంశం కనీసం 150 పదాలు, మరొకటి కనీసం 250 పదాలు రాయాలి. సమయం 60 నిమిషాలు. రాతలోనూ, మాటలోనూ నాలుగేసి కొలమానాలు ఉన్నాయి. వాటిలో ఒకటి పూర్తిగా పదసంపదకు కేటాయించినది. నాలుగో వంతు విలువ దానిదే. ఫలితం సాధారణంగా రెండేళ్లు మాత్రమే చెల్లుతుంది. ఆలస్యమైతే మళ్లీ రుసుము, మళ్లీ పరీక్ష.

నాలుగో వంతు విలువ అనగానే మన పిల్లలు కఠినమైన పదాల జాబితాలు కంఠస్థం చేయడం మొదలుపెడుతున్నారు. కొన్ని శిక్షణ కేంద్రాలు ఇందుకోసమే పుస్తకాలు అమ్ముతున్నాయి. కానీ పరీక్షకులు పదం ఎంత బరువైనదని చూడరు. సరైన చోట సరైన పదం పడిందా అని చూస్తారు. బట్టీపట్టిన వాక్యాలను వారు ఇట్టే గుర్తుపడతారు. ఇంకొక చిక్కు మన కార్యాలయాల ఇంగ్లీషు. 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అని దశాబ్దాల తరబడి ఫైళ్లలో రాశాం. డిగ్రీ పూర్తయితే 'పాస్డ్ అవుట్' అంటాం. బయటి దేశంలో ఆ మాటకు స్పృహ తప్పి పడిపోయాడనే అర్థం ముందుగా తడుతుంది. ఇలాంటి అలవాట్లను గుర్తుపట్టి మానుకోవడం కూడా పదసంపదను పెంచుకోవడమే.

పదం ఒంటరిగా బతకదు, తోడుతో బతుకుతుంది. మన తెలుగులో వాన కురుస్తుంది, ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది. ఎండ కురిసిందని పసిబిడ్డ కూడా అనదు. ఇంగ్లీషులోనూ ఇదే న్యాయం. పెద్ద వానను 'హెవీ రెయిన్' అనాలి. 'స్ట్రాంగ్ రెయిన్' అంటే చెవికి ఇంపుగా ఉండదు. నిర్ణయానికి 'మేక్', పరిశోధనకు 'డూ' లేదా 'కండక్ట్' తోడు వస్తాయి. అందువల్ల నోటు పుస్తకంలో పదాన్ని ఒక్కదాన్నే రాసి, పక్కన తెలుగు అర్థం పెట్టి ఊరుకోవద్దు. దాని తోడు పదంతో కలిపి, ఒక పూర్తి వాక్యంలో రాయండి. ఉచ్చారణనూ గమనించండి. 'రికార్డ్' అనే పదం నామవాచకమైతే ఊనిక మొదటి భాగం మీద, క్రియ అయితే రెండవ భాగం మీద పడుతుంది.

ఇప్పుడు మన పిల్లలకు ఉన్న ప్రత్యేకమైన బలం గురించి చెప్పుకుందాం. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, బడిలో కొందరికి ఉర్దూ, మక్తబ్‌లో అరబ్బీ. మరి దూదేకుల కుటుంబాలలోనైతే ఇంటి భాష కూడా తెలుగే. ఇన్ని భాషల మధ్య నలిగిపోయి మా వాడికి ఇంగ్లీషు రావడం లేదని తల్లిదండ్రులు బాధపడుతుంటారు. మా ఆలోచన దీనికి భిన్నం. మక్తబ్‌లో కూర్చున్న బిడ్డకు కితాబ్, కాతిబ్, మక్తబ్, మక్తూబ్ అన్నీ రాతకు సంబంధించిన ఒకే ధాతువు నుండి పుట్టాయని తెలుసు. ఇంగ్లీషులో లాటిన్ ధాతువులు కూడా ఇలాగే పనిచేస్తాయి. రాయడం అనే అర్థమున్న 'స్క్రైబ్', 'స్క్రిప్ట్' అనే రూపాలను పట్టుకుంటే డిస్క్రైబ్, ప్రిస్క్రిప్షన్, ఇన్‌స్క్రిప్షన్, మాన్యుస్క్రిప్ట్, సబ్‌స్క్రైబ్ ఒకే కుటుంబంగా కనిపిస్తాయి. ఒక ధాతువు తెలిస్తే కొత్త పదాన్ని చూసినప్పుడు దాని అర్థాన్ని ఊహించగలం. చదివే భాగంలో 60 నిమిషాల్లో 40 ప్రశ్నలకు జవాబు రాయవలసిన విద్యార్థికి ఈ ఊహాశక్తి ఎంతో అవసరం.

అంతేకాదు, ఇంగ్లీషులోని కొన్ని పదాలు మనకు దూరపు చుట్టాలు కూడా. ఆల్జీబ్రా అల్-జబ్ర్ నుండి, మాన్సూన్ మౌసిమ్ నుండి, టారిఫ్ తఆరీఫ్ నుండి, మ్యాగజైన్ మఖాజిన్ నుండి వచ్చాయి. ఈ విషయం గొప్పలు చెప్పుకోవడానికి కాదు; పదాన్ని జ్ఞాపకం ఉంచుకోవడానికి పనికొస్తుంది.

జ్ఞాపకం విషయంలోనూ మన సంప్రదాయంలో పరీక్షించి నిలిచిన పద్ధతి ఉంది. హిఫ్జ్ చేసే పిల్లవాడు రోజూ కొత్త పాఠం, అంటే సబఖ్ చదువుతాడు. ఇటీవలి పాఠాలను సబ్ఖీగా అప్పజెబుతాడు. పాత భాగాలను మంజిల్‌గా తిరగేస్తాడు. తిరగేయనిది జారిపోతుందని ఉస్తాద్‌కు తెలుసు. 1885లో జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ మరుపు మీద ప్రచురించిన పరిశోధన కూడా తిరిగి నేర్చుకోవలసిన అవసరాన్నే చూపింది. ఇంగ్లీషు పదాలకు ఇదే పద్ధతి పాటిద్దాం. న్యూజిలాండ్ పరిశోధకురాలు ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో విశ్వవిద్యాలయ గ్రంథాలలో తరచుగా వచ్చే 570 పద కుటుంబాలతో ఒక జాబితా ప్రచురించారు. ఇది కంఠస్థం చేయడానికి కాదు, ఏ పదాలకు ముందు చోటివ్వాలో తెలుసుకోవడానికి. రోజుకు మూడు కుటుంబాలు సబఖ్‌గా తీసుకుంటే 190 రోజులు పడుతుంది. వారంలో నేర్చినవి సబ్ఖీ, నెలల నాటివి మంజిల్. వేరుసెనగ విత్తిన నాటి నుండి పంట ఇంటికి చేరి, మరొక రెండు నెలలు గడిచే లోపు ఈ పని పూర్తవుతుంది.

ఆ పదాలతో దేని గురించి రాయాలి? మన నేల గురించే రాయాలి. నీటి కొరత, వలస, పర్యావరణం, వ్యవసాయం ఈ పరీక్షలో తరచుగా కనిపించే విషయాలు. వీటి గురించి నల్లమాడ బిడ్డ కంటే ఎక్కువ తెలిసినవారు ఎవరు? ఎండిన బోరుబావి గురించి చెప్పేటప్పుడు 'డిప్లీట్', నిలకడలేని వానకు 'ఎరాటిక్', ఏటేటా పెరిగి తరిగే దిగుబడికి 'ఫ్లక్చుయేట్', బెంగళూరుకో గల్ఫ్‌కో పోవడానికి 'మైగ్రేట్', అక్కడి నుండి పంపే సొమ్ముకు 'రెమిటెన్స్', దెబ్బ తట్టుకొని నిలబడడానికి 'రెసిలియెంట్'. అనుభవంలో ఉన్న అర్థానికి ఇంగ్లీషు పేరు పెట్టుకుంటే ఆ పదం మరచిపోము. మండలంలో నమోదైన పదేళ్ల వర్షపాతం లెక్కలు తీసుకొని వాటిని 150 పదాలలో వర్ణించండి. రాత పరీక్షలో మొదటి అంశానికి అంతకంటే మంచి సాధన లేదు.

ఇంగ్లీషు మీద పడితే ఉర్దూ పోతుంది, దీన్ దూరమవుతుంది అనే భయం కొందరు పెద్దలలో ఉంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశం మేరకు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని అర్ధమాసం గడవకముందే నేర్చుకున్నారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఉత్తర ప్రత్యుత్తరాలలో పరాయివారి మీద ఆధారపడకూడదన్నదే దాని ఉద్దేశం. గల్ఫ్‌కు వెళ్లే మన చెల్లెలు తన ఒప్పంద పత్రాన్ని తానే చదువుకోవాలన్నా కారణం అదే. ఒక భాషను ప్రేమించడానికి మరొక దానిని వదులుకోనక్కరలేదు. 1820లో కడపకు వచ్చిన సి.పి.బ్రౌన్ తెలుగు నేర్చుకున్నందువల్ల ఆయన ఇంగ్లీషు తగ్గలేదు. తెలుగులో కలిసిపోయిన అరబ్బీ, ఫారసీ మాటలకు కూడా ఆయన ప్రత్యేకంగా నిఘంటువు కూర్చారు.

చివరగా హక్కుల మాట. పిల్లలు ఎంత కష్టపడినా ప్రభుత్వం తలుపు మూస్తే ప్రయోజనం లేదు. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యా రుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చిన కేంద్ర పథకం 'పఢో పర్‌దేశ్' 2022-23 నుండి నిలిచిపోయింది. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌కు కూడా అదే ఏడాది స్వస్తి చెప్పారు. మన రాష్ట్రంలో 2022 నాటి విదేశీ విద్యా దీవెన ప్రపంచ ర్యాంకులలో మొదటి 200 విశ్వవిద్యాలయాలకే పరిమితమైంది. చిన్న ఊళ్ల నుండి వచ్చే మొదటి తరం విద్యార్థులకు ఆ గీత ఎంత ఎత్తైనదో ఆలోచించాలి. నిలిచిన పథకాలను పునరుద్ధరించాలనీ, పేద విద్యార్థుల పరీక్ష రుసుమును ప్రభుత్వమే భరించాలనీ, మండల కేంద్రాలలో ఉచిత శిక్షణ ఇవ్వాలనీ మనం వినతిపత్రాలు పెట్టాలి. ఇది దయ కోసం చేసే విన్నపం కాదు, సమాన అవకాశం కోసం చేసే డిమాండు.

అడుగుతూనే మన వంతు పని మొదలుపెడదాం. ప్రతి మస్జిద్ పరిధిలో రోజుకొక గంట పదాల మజ్లిస్ నడపండి. ఆడపిల్లలకు అనువైన వేళలో, అనువైన చోట వేరే ఏర్పాటు చేయండి. వారి వంతును తర్వాతకు వాయిదా వేయవద్దు. ఒక మంచి నిఘంటువు, ఒక ఇంగ్లీషు దినపత్రిక, ఒక నల్లబల్ల చాలు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఉద్యోగులు వారానికి రెండు రోజులు సమయం ఇవ్వండి. నేర్చిన పిల్లలు తమకంటే చిన్నవారికి అప్పజెప్పించండి.

మన దీన్‌లో దిగివచ్చిన మొదటి ఆదేశం చదవమనే. ఆ ఆదేశాన్ని పాటించే శక్తిని అల్లాహ్ మన బిడ్డలకు, మన బిడ్డలను చదివించే శక్తిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.