టైల్సు వేయించే ముందు గోడను తట్టి చూడండి



ఈ రోజు మాట వంటింటి గోడ గురించి.

పొయ్యి వెనక గోడ ఎలా ఉంటుంది? తిరగమోత పెడితే నూనె చింది ఆ గోడ మీదే పడుతుంది. పప్పు పొంగితే మరకలు. మసి, జిడ్డు సరే సరి. సంక్రాంతికి సున్నం కొడతారు. ఉగాది నాటికి మళ్ళీ నల్లబడుతుంది. అందుకే ఇప్పుడు పల్లెల్లో కూడా పొయ్యి గట్టు వెనక టైల్సు వేయిస్తున్నారు. తడిగుడ్డతో తుడిస్తే జిడ్డు పోతుంది.

మంచిదే. కానీ టైల్సు ఊరికే రావు. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని వేయించేవాళ్ళు ఉన్నారు. ఏడాది తిరక్కుండానే టైలు ఊడి పొయ్యి మీద పడితే? టైలు పోతుంది. అప్పు మాత్రం మిగులుతుంది. అలా కాకుండా ఉండాలంటే ఇల్లాలికి మూడు పనులు తెలియాలి. గోడను చూడటం, లెక్క కట్టడం, పని దగ్గర నిలబడటం.

గోడను చూడటం

ముందు గోడను వేలి కణుపుతో తట్టండి. గట్టి శబ్దం వస్తే పూత బాగున్నట్టు. ఖాళీ డబ్బాను తట్టినట్టు డొల్ల శబ్దం వస్తే పూత గోడను వదిలేసినట్టు. ఆ చోట పూత కొట్టేసి మళ్ళీ వేయించాలి. ఊడే పూత మీద టైలు వేస్తే రెండూ కలిసి ఊడతాయి.

గోడ చెమ్మగా ఉందా? నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకాలి. కప్పు కారుతుందేమో, గొట్టం కారుతుందేమో చూడాలి. ముందు అది బాగు చేయించాలి. టైలు వేస్తే చెమ్మ కనబడదు, అంతే. లోపల మాత్రం ఉంటుంది.

సున్నం మీద టైలు నిలవదు. టైలు సున్నాన్ని పట్టుకుంటుంది, సున్నం గోడను వదిలేస్తుంది. సున్నం, రంగు పూర్తిగా గీకించాలి. తరవాత ఉలితో గాట్లు పెట్టించాలి. గరుకు గోడకే సిమెంటు పట్టు దొరుకుతుంది. మట్టి గోడకు నేరుగా టైల్సు వేయించవద్దు.

లెక్క కట్టడం

టేపు తీసుకోండి. ఒక గోడ పొడవు 9 అడుగులు, టైల్సు వేయాల్సిన ఎత్తు 2 అడుగులు అనుకోండి. 9ని 2తో హెచ్చవేస్తే 18. అంటే 18 చదరపు అడుగులు.

టైలు పెట్టె మీద 300 × 450 అని రాసి ఉంటే అవి మిల్లీమీటర్లు. 300 అంటే సుమారు ఒక అడుగు. 450 అంటే సుమారు ఒకటిన్నర అడుగు. ఆ టైలు ఒకటి ఒకటిన్నర చదరపు అడుగుల చోటు నింపుతుంది. రెండు టైల్సు కలిస్తే 3 చదరపు అడుగులు. 18లో 3 ఎన్నిసార్లు? ఆరుసార్లు. ఆరు జతలంటే 12 టైల్సు. కోతకు, విరుగుడుకు ఇంకో రెండు కలపండి. మొత్తం 14.

పెట్టెలో 6 ఉంటే రెండు పెట్టెలు చాలవు, మూడు కావాలి. అయిదు పెట్టెలు కావాలని ఎవరన్నా అంటే, ఈ లెక్క చూపించి ఎందుకని అడగవచ్చు. మిగిలిన టైల్సు దాచి ఉంచండి. రేపు ఒకటి పగిలితే అదే రంగు దొరకకపోవచ్చు.

అన్ని పెట్టెల మీదా బ్యాచి నంబరు, షేడు నంబరు చదవండి. అవి ఒకటే ఉండాలి. వేరైతే గోడ మీద రంగు తేడా తెలుస్తుంది. సిమెంటు సంచి మీద తయారైన వారం, ఏడాది చదవండి. మూడు నెలలు దాటితే సిమెంటు బలం తగ్గుతుంది. బిల్లు అడిగి తీసుకోండి.

పని దగ్గర నిలబడటం

మామూలు గోడ టైల్సును ముందు నీళ్ళలో నానవేయాలి. బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి, నీళ్ళు ఓడనివ్వాలి. పొడి టైలు సిమెంటులోని నీళ్ళు పీల్చేస్తుంది. అప్పుడు సిమెంటు గట్టిపడదు. సిమెంటు బదులు టైల్సు గమ్ము వాడితే, నానవేయాలో వద్దో ఆ సంచి మీద రాసి ఉంటుంది. అలాగే చేయాలి.

మాలుకు సిమెంటు ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్ళు. గట్టిపడటం మొదలైన మాలులో మళ్ళీ నీళ్ళు పోసి కలపకూడదు. టైలు వెనక నాలుగు మూలలకూ మాలు అందాలి. మధ్యలో ముద్ద పెట్టి అంటిస్తే మూలలు డొల్లగా ఉంటాయి. మొదటి వరసను రసమట్టంతో చూడాలి. అది వంకరైతే పైవన్నీ వంకరే. స్విచ్చి బోర్డు దగ్గర పని చేసేటప్పుడు మెయిన్ ఆపాలి.

చాలాచోట్ల మాలు కలిపేది, అందించేది ఆడకూలీలే. తడి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. ఒంటికి అంటితే వెంటనే కడుక్కోవాలి. కంట్లో పడితే మంచినీళ్ళతో బాగా కడిగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. టైలు కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్ళు పోస్తూ, ఆరుబయట కోయాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

సందుల్లో తెల్ల సిమెంటు నింపాక కొన్ని రోజులు తడిపి ఉంచాలి. ఆరాక ఒక్కో టైలునూ తట్టి చూడండి. డొల్లగా మోగితే గుర్తు పెట్టి మేస్త్రీకి చూపించండి. ఆ టైలు తీసి మళ్ళీ వేయమనండి. అది సరి చేశాకే మిగతా కూలి లెక్క తేల్చుకోండి.

"మేస్త్రీ పని ఆడవాళ్ళకేం తెలుసు?" అనేవాళ్ళు ఉంటారు. ఆ గోడ ముందు రోజూ నిలబడి వండేది ఆడవాళ్ళే. ఆ అప్పు వారం వారం కట్టేదీ వాళ్ళే. అడిగే హక్కు వాళ్ళకు ఉంది.

మీరు చేయండి: మీ పొయ్యి వెనక గోడ కొలవండి. ఎన్ని చదరపు అడుగులు? పైన చెప్పిన టైల్సు ఎన్ని కావాలి? లెక్క రాసి, పక్కింటి ఆమె లెక్కతో సరి చూసుకోండి.