నిద్రమాత్రను చిన్నదిగా చూడొద్దు



ప్రతి ఏడాదీ ఈ సభలో పొదుపు, అప్పు, వడ్డీ లెక్కలే చెప్తాం. ఈసారి మా సంఘంలో జరిగిన ఒక సంగతి చెప్తాము.

మాలో ఒక అక్కకు కూతురి పెళ్లి అప్పు దిగులుతో నిద్ర పట్టేది కాదు. ఒక మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండానే మాత్రలు ఇచ్చినారు. మొదట అర మాత్ర, తర్వాత ఒకటి, ఆరు నెలలకు రెండు. తెల్లారి కేంద్రానికి పాలు పోసేదానికి లేవలేకపోయేది. మీటింగులో మాట తడబడేది. "తాగొచ్చిందేమో" అని మేమే చాటుగా అనుకున్నాము. ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకీ సిగ్గుగా ఉంటుంది. ఇంట్లోవాళ్లకు తెలిసి మాత్రలన్నీ ఒకేసారి పారేసినారు. మూడో రోజు ఫిట్స్ వచ్చి పడిపోయింది. 108లో తీసుకుపోయినాము. దేవుడి దయ, బతికింది.

అప్పుడు డాక్టరమ్మ మాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. అల్ప్రాజోలం, డయాజెపాం వంటి మాత్రలు మెదడు పనిని మందగింపజేస్తాయి. అందుకే నిద్ర వస్తుంది. కొన్ని వారాలు రోజూ మింగితే ఒళ్లు అలవాటు పడుతుంది, పాత మోతాదు చాలదు. అణిగి ఉన్న మెదడు, మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఎగిసిపడుతుంది. వణుకు, చెమటలు, లేనివి కనబడడం, ఫిట్స్ వస్తాయి. మద్యం కూడా మెదడును ఇట్లనే అణుస్తుంది. మాత్ర, మద్యం కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు.

తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది ఈ మందులనే. 2015లో అక్కడ కల్తీ కల్లును అరికట్టినప్పుడు, అలవాటుపడినవాళ్లు ఒక్కసారిగా మానాల్సొచ్చి నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రుల్లో చేరినారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయినారు కూడా. తాగినవాళ్లు చాలామంది మనలాంటి కూలినాలి చేసుకునేవాళ్లే.

అందుకని మేము చెప్పేది ఇది. డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్ర కొనొద్దు. ఈ మాత్రలు అమ్మితే షాపువాళ్లు డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాయాలని చట్టం ఉంది. పక్కింటామె మాత్ర మనం మింగొద్దు. ముసలివాళ్లు ఈ మత్తులో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు, కనిపెట్టుకోండి. ఇప్పటికే అలవాటైన వాళ్లు సొంతంగా ఆపొద్దు, డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించాలి. ఎవరైనా మత్తులో పడి పిలిచినా పలక్కపోతే నోట్లో మజ్జిగ, నిమ్మరసం పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. దిగులు, నిద్రలేమి ఉంటే 14416 టెలీ మానస్‌కు చేయొచ్చు. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

మా అక్కకు డాక్టరమ్మ అయిదు నెలల్లో మెల్లమెల్లగా మాత్ర మాన్పించింది. సంఘం నుంచి అప్పిచ్చి బయటి వడ్డీ అప్పు మేము తీర్పించినాము. ఆమెకు అసలు జబ్బు అప్పు, మాత్ర కాదు.

ఇప్పుడు మా మీటింగులో వాయిదా లెక్క అయినాక ఒక మాట అడుగుతాము: "ఏమక్కా, నిద్ర పడతా ఉందా?" మీ సంఘాల్లో కూడా అడగండి. సెలవు.